వరద తగ్గాక ఏది అమ్ముకోవాలి, ఏది నిలుపుకోవాలి?

ప్రశ్న: మాది వ్యవసాయ కుటుంబం. నది ఒడ్డున రెండెకరాల సొంత పొలం, మరో ఎకరంన్నర కౌలు పొలం ఉన్నాయి. నెల కిందట వచ్చిన వరదలో పొట్టదశలో ఉన్న వరి తొమ్మిది రోజులు నీటమునిగి కుళ్లిపోయింది. సొంత పొలంలో అరెకరం మేర ఇసుక మేట వేసింది. విత్తనానికి దాచిన ధాన్యం సగం తడిసింది. రెండు పాడి గేదెలు, ఒక పెయ్యదూడ మిగిలాయి. పెట్టుబడికి నెలకు నూటికి మూడు వడ్డీకి తెచ్చిన అప్పు అలాగే ఉంది. గేదెలను అమ్మేసి ఆ అప్పు తీర్చి, కౌలు వదిలేద్దామని నాన్న అంటున్నారు. పదిహేడేళ్ల తమ్ముడు చదువు మాని పనికి వెళ్తానంటున్నాడు. అమ్మ ఏమీ అనడం లేదు కానీ, రాత్రిపూట సరిగా తినడం లేదని నాకు అనుమానం. నేను పట్నంలో చిన్న ఉద్యోగం చేస్తూ నెలనెలా కొంత పంపుతున్నాను. ఉన్నవి అమ్మి అప్పు తీర్చేయడం మంచిదేనా? మేం ముందుగా ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీరు అడిగింది ఒక్క ప్రశ్నలాగే కనిపిస్తున్నా, అందులో నాలుగు బరువైన నిర్ణయాలు ఉన్నాయి. గేదెలు, అప్పు, కౌలు, తమ్ముడి చదువు. నాన్నగారు ఈ ముడులన్నీ ఒకేసారి తెంచేయాలనుకుంటున్నారు. ఆయనను తప్పుపట్టలేం; నిద్రపట్టని మనిషి ముందుగా కోరుకునేది అప్పు మాట చెవిన పడకుండా ఉండటమే. అయితే వరద నష్టానికి రెండు భాగాలు ఉంటాయి. మొదటిది నీళ్లు పట్టుకుపోయిన పంట. దాన్ని ఎవరూ తిరిగి తేలేరు. రెండోది, ఆ నష్టాన్ని పూడ్చుకునే తొందరలో మన చేతులతో మనం వదులుకునేది. చాలా ఇళ్లను ఎక్కువ కాలం వెంటాడేది ఈ రెండోదే. అందుకని, వచ్చే పంటకాలంలో పొలంలో విత్తనం వేయగల శక్తి మీ ఇంట్లో మిగిలి ఉండాలన్నదే నేను చెప్పబోయే మాటలన్నిటికీ మూలం. ఆ శక్తిని తగ్గించే పని ఏదైనా సరే, మిగిలిన దారులన్నీ మూసుకుపోయాకే చేయాలి.

ఇది ఊరడింపు కోసం చెబుతున్న మాట కాదు. 1998లో బంగ్లాదేశ్‌లో వచ్చిన వరద ఆ దేశంలో దాదాపు మూడింట రెండు వంతుల నేలను ముంచి, రెండు నెలలకు పైగా నిలిచింది. వానాకాలపు వరి భారీగా దెబ్బతింది. అయినా ఆ వెంటనే నాటిన బోరో వరి, అంటే చలికాలపు వరి, 1999లో కోతకు వచ్చినప్పుడు, ఆ పంటలో అప్పటివరకు ఆ దేశం చూడనంత దిగుబడి వచ్చింది. వరద వెనకే వచ్చే పంటకాలం చాలాచోట్ల మంచి పంటకాలమే అవుతుంది, ఎందుకంటే నేలలో తేమ ఉంటుంది, బావుల్లో నీరు ఊరుతుంది, పలుచగా పరుచుకున్న ఒండ్రు నేలకు బలమిస్తుంది. కానీ ఆ పంటను అందుకోవాలంటే విత్తనం, దుక్కి, చేతిలో కొద్దిపాటి పెట్టుబడి, పని చేయగల ఒళ్లు మిగిలి ఉండాలి. అదే వరద మీద జరిగిన సర్వేల్లో మరో సంగతి కూడా తేలింది. పదిహేను నెలలు గడిచాక కూడా, వరదకు గురైన ఇళ్లలో నూటికి 64 అప్పులోనే ఉన్నాయి; ఆ ఇళ్ల సగటు అప్పు దాదాపు నెలన్నర ఇంటి ఖర్చుకు సమానం. పంట బాగా పండినా అప్పు మాత్రం వెంటనే తీరలేదన్నమాట. అందువల్ల మీ అప్పు ఈ ఏడాదే తీరిపోవాలని పట్టుబట్టకండి. అది పెరగకుండా ఆగితే ఈ ఏడాదికి చాలు.

ముందు గేదెల సంగతి చూద్దాం. వరద తగ్గిన తొలి నెలల్లో పశువులను అమ్ముకునేవాళ్లే ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ. మేత లేక, చేతిలో డబ్బు లేక అందరూ ఒకేసారి సంతకు తోలుకుపోతారు. ధర పడిపోతుంది. మళ్లీ పంట చేతికొచ్చి అందరికీ పశువులు కావలసినప్పుడు అదే ధర పైకి లేస్తుంది. తక్కువలో అమ్మి ఎక్కువలో కొనుక్కోవలసిన ఈ పరిస్థితిలో పేద రైతు చేతి నుంచి జారిన పశువు మళ్లీ ఆ కొట్టంలోకి రావడానికి ఏళ్లు పడుతుంది. దక్కన్‌లోని మెట్ట గ్రామాల్లో ఇక్రిశాట్ సంస్థ 1975 నుంచి పదేళ్లపాటు ఇంటింటా సేకరించిన లెక్కలను పరిశీలించిన ఆర్థికవేత్తలు ఈ విషయాన్నే గుర్తించారు. పంట పోయిన ఏడాది దుక్కిటెద్దులను అమ్ముకున్న ఇళ్లు ఆ ఏడాదికి గడ్డెక్కాయి గానీ, తర్వాతి ఏళ్లలో ఎద్దులు లేక సేద్యంలో వెనకబడ్డాయి. మా ఇంట్లోనూ నా చిన్నతనంలో ఒక వరద ఏడాది పాడి పశువులు రెండూ ఒకే వారంలో వెళ్లిపోయాయి. ఆ కొట్టం ఐదేళ్లు ఖాళీగా ఉండటం నేను చూశాను. అందుకే ఈ విషయంలో నా మాట కాస్త గట్టిగా ఉంటుంది.

మీ లెక్క ఇలా వేసి చూడండి. గేదె ధర మామూలు రోజులతో పోలిస్తే మూడోవంతు పడిపోయిందనుకుందాం. ఇప్పుడు అమ్మితే నూటికి ముప్పైమూడు పోతుంది. మూడు నెలలు ఆగితే, నూటికి మూడు వడ్డీ చొప్పున, వడ్డీని అసలులో కలిపి లెక్కగట్టినా, పెరిగే అప్పు నూటికి తొమ్మిదికి కొంచెం పైన. ఆ మూడు నెలలూ పాలు వస్తాయి, మేతకు ఖర్చూ అవుతుంది. ఆ రెండింటి తేడా కూడా కలిపి చూస్తే, ధర బాగా పడిపోయినచోట ఆగడమే లాభం. అయితే ఎంతకాలమైనా ఆగవచ్చని దీనర్థం కాదు. అదే వడ్డీ ఏడాది తిరిగేసరికి వందను 142 దాటిస్తుంది, రెండేళ్లు నిండకముందే అసలును రెట్టింపు చేస్తుంది. కనుక మీ దగ్గర ధర ఎంత పడిందో ముందు కనుక్కోండి, అదీ ఇంటి ముందుకొచ్చిన దళారీని అడిగి కాదు, వరద తాకని ప్రాంతపు సంతలో. పతనం నూటికి పది లోపే ఉంటే నా సలహా మారుతుంది. అప్పుడు ఒక గేదెను అమ్మి అప్పులో పెద్ద భాగం తీర్చడం సబబే. రెండింటినీ మాత్రం ఒకేసారి అమ్మకండి. చూడి గేదెను, పాలు బాగా ఇస్తున్న గేదెను ఉంచుకుని, వట్టిపోవడానికి దగ్గరగా ఉన్నదాన్ని గురించి ముందు ఆలోచించండి. పెయ్యదూడను వరద లేని ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర పోషణకు ఉంచి, ఎదిగాక వచ్చే ఫలంలో చెరిసగం అనే ఒప్పందం చేసుకోవచ్చు. అలా చేస్తే మేత భారం తగ్గుతుంది, పశువు ఇంటి లెక్కలోనే ఉంటుంది.

నిజానికి వరద తర్వాత గేదెను అమ్మించేది చాలాసార్లు అప్పు కాదు, మేత లేకపోవడం. 450 కిలోల బరువున్న గేదెకు రోజుకు 11 నుంచి 13 కిలోల ఎండు పదార్థం కావాలి. రెండు గేదెలకు రెండు నెలలకు దాదాపు టన్నున్నర. రెండు నెలల లెక్క ఎందుకంటే, ఇప్పుడు చల్లిన మేత జొన్న, మేత మొక్కజొన్న కోతకు వచ్చేది 50, 60 రోజులకు. కాబట్టి ఆరిన నేలలో పది సెంట్లయినా వెంటనే మేతకు కేటాయించండి. ఈలోపు వరద లేని ప్రాంతం నుంచి ఎండుగడ్డిని మీ ఊళ్లోని నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి ఒకే బండి కట్టించుకుని తెచ్చుకుంటే రవాణా ఖర్చు తగ్గుతుంది. మంచి ఎండుగడ్డి దొరికితే, వంద కిలోలకు నాలుగు కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచి పెట్టవచ్చు. అప్పుడు గడ్డి తేలిగ్గా అరుగుతుంది, మాంసకృత్తులు పెరుగుతాయి. దూడకు మాత్రం అది పెట్టకూడదు. బూజు పట్టిన గడ్డి ఎంత ఉన్నా పారవేయాల్సిందే. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించారో లేదో ఈ వారమే పశువైద్యుడిని అడగండి. వరదలో బతికి బయటపడ్డ పశువులు కూడా ఆ తర్వాతి వారాల్లో వచ్చే రోగాలతో చనిపోవచ్చు.

ఇక అప్పు. మీ అప్పును తీర్చడం, మార్చడం, ఆపడం అని మూడు రకాలుగా ఆలోచించాలి. నాన్నగారు మొదటిదాన్ని ఒక్కదాన్నే చూస్తున్నారు. రెండోది, నెలకు నూటికి మూడు వడ్డీ ఉన్న అప్పులో వీలైనంత భాగాన్ని బ్యాంకు, సహకార సంఘం, పొదుపు సంఘం వంటి చోట దొరికే తక్కువ వడ్డీ అప్పుతో మార్చుకోవడం. ఏడాదికి నూటికి పన్నెండు వడ్డీకి దొరికే అప్పుతో సగం మార్చగలిగినా, ఆ సగం మీద వడ్డీ భారం మూడో వంతుకు దిగుతుంది. ఇంట్లో కొద్దిగా బంగారం ఉంటే, గేదె కంటే ముందు తాకట్టుకు వెళ్లాల్సింది అదే. బంగారం పెట్టెలో ఉండి సంపాదించేది ఏమీ లేదు, గేదె రోజూ సంపాదిస్తుంది. అమ్మకానికి బదులు తాకట్టు అన్నాను, అదీ లిఖితపూర్వకంగా నియమాలు చెప్పే సంస్థ దగ్గర, విడిపించుకునే తేదీ ముందే నిశ్చయించుకుని. మూడోది, అప్పిచ్చినవారితో గడువుకు ముందే మాట్లాడటం. గడువు దాటాక వెళ్లి బతిమాలుకోవడం కంటే, గడువుకు ముందు వెళ్లి, పోయిన పంట సంగతి చెప్పి, తర్వాతి కోత దాకా వడ్డీని అసలులో కలపవద్దని అడగడం వేరు. కొద్ది మొత్తం చేతిలో పెట్టి రసీదు అడగండి. కుటుంబం పూర్తిగా కూలిపోతే తన డబ్బు రాదని అప్పిచ్చినవారికీ తెలుసు.

ఆ మాటలు జరిగేటప్పుడు మీరు కూడా పక్కన ఉంటే మంచిది. ఖాళీ కాగితం మీద గానీ, అంకెలు రాయని నోటు మీద గానీ ఎవరూ సంతకం చేయకూడదు. వచ్చే పంటను ఇప్పుడే తక్కువ ధరకు ఒప్పేసుకుని డబ్బు తీసుకోవడం కూడా వడ్డీయే, దాని మీద వడ్డీ అని రాసి ఉండదంతే. ఇంటి ఖర్చు కోసం మళ్లీ అదే వడ్డీకి చిన్న చిన్న చేబదుళ్లు తేవడం వీటన్నిటికంటే ప్రమాదం. ఆ అప్పు పంటనిచ్చేది కాదు, తినేస్తే తీరిపోయేది. వడ్డీ మాత్రం తీరదు.

ప్రభుత్వ సహాయం, బీమా ఏదైనా వర్తించే అవకాశం ఉంటే వాటి గడువులు చాలా చిన్నవిగా ఉంటాయి. పొలం, ఇసుక మేట, తడిసిన ధాన్యం, దెబ్బతిన్న ఇల్లు వీటన్నిటి ఫొటోలు తేదీ కనిపించేలా తీసి, దున్నడానికి ముందే భద్రపరచండి. కౌలు పొలం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చాలాచోట్ల రికార్డులో భూయజమాని పేరే ఉంటుంది కనుక, పంట పోయింది కౌలురైతుదైనా సహాయం యజమాని పేరు మీద రాసుకుపోతుంది. ఇది ఎంతో అన్యాయమని నేను నమ్ముతాను. ఆ పంట మీరే వేశారని తెలిసిన ఇద్దరు పొరుగు రైతుల సాక్ష్యంతో, యజమాని సంతకంతో ఒక కాగితం ఇప్పుడే రాయించుకోండి. పంచుకోవాల్సిన డబ్బు వచ్చాక అలాంటి కాగితం అడగడం కష్టం.

కౌలు వదిలేయాలా అన్న ప్రశ్నకు జవాబు ఆ భూమి ఎత్తులో ఉంది. కౌలు పొలం సొంత పొలం కంటే మెరకగా ఉండి, ఇసుక మేట లేకుండా ఉంటే, ఈ ఏడాది మీకు ఆదరువు అదే. స్థిరమైన కౌలుకు బదులు, ఈ ఒక్క పంటకు దిగుబడిలో వాటా ఇచ్చే పద్ధతికి యజమానిని ఒప్పించి చూడండి. వాటా పద్ధతిలో పంట పోతే ఆ నష్టాన్ని ఇద్దరూ మోస్తారు. యజమాని ససేమిరా అంటే, పోయిన పంటకు కూడా పూర్తి కౌలు కట్టమంటే, అప్పుడు నాన్నగారి మాటే సరైనది.

సొంత పొలంలో ఇసుక పడిన అరెకరాన్ని చూసి దిగులుపడకండి, అలాగని తొందరపడకండి. మేట రెండు మూడు అంగుళాల లోపు ఉన్నచోట లోతు దుక్కితో కింది మట్టిలో కలిపేయవచ్చు. మోకాలి లోతున్నచోట ఇసుక తీయించాల్సిందే. ఆ ఖర్చుకు అప్పు తెచ్చే ముందు, ఆ తీసే పనికి సహాయం దొరుకుతుందేమో కనుక్కుని ఆగడం మేలు. తడి ఆరని నేల మీద ట్రాక్టరు తిప్పితే మట్టి గట్టిపడి, ఆ గట్టిదనం తర్వాతి పంటల దాకా వేళ్లను లోపలికి దిగనివ్వదు. పిడికెడు మట్టిని ఉండచేసి వదిలితే పగిలిపోయేంత పదును వచ్చాకే దుక్కి చేయండి. రోజుల తరబడి నీరు నిలిచిన నేలలో ప్రాణవాయువు అందక, నత్రజనిలో చాలా భాగం వాయువుగా మారి ఎగిరిపోతుంది. వరదకు ముందు మీరు వేసిన ఎరువు ఇంకా ఉందనుకోవడానికి లేదు. భూసార పరీక్ష చేయించకుండా మళ్లీ మొత్తం మోతాదు కొనడమూ తగదు. నేలలో తేమ ఉన్న ఈ సమయంలో తక్కువ పెట్టుబడితో వచ్చే మినుము, పెసర వంటి అపరాలు వేస్తే గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి, 65 నుంచి 80 రోజుల్లో చేతికొస్తాయి. ఇసుక కలిసిన తావులో జనుము, జీలుగ లాంటి పచ్చిరొట్ట చల్లి కలియదున్నితే నేలలో సత్తువ మెల్లగా తిరిగి వస్తుంది.

తడిసిన విత్తన ధాన్యాన్ని వెంటనే పారవేయకండి, నమ్మి చల్లనూ వద్దు. నీడలో పలుచగా ఆరబెట్టి, ఏరకుండా తీసిన వంద గింజలను తడిగుడ్డలో చుట్టి, తడి ఆరకుండా వారం రోజులు ఉంచండి. ఎనభై మొలిస్తే మంచి విత్తనం. అరవై, డెబ్బై మొలిస్తే మోతాదు పెంచి వాడుకోవచ్చు. అంతకంటే తక్కువైతే విత్తనంగా పనికిరాదు. బూజు వాసన వస్తున్న ధాన్యాన్ని మనుషులకు గానీ పశువులకు గానీ పెట్టకూడదు. కొన్ని బూజులు వదిలే విషం ఉడికించినా పోదు.

వచ్చే వానాకాలానికి ఇంకో మాట. మీ పొలం నది ఒడ్డున ఉంది కనుక మునక మళ్లీ వస్తుందన్న లెక్కతోనే విత్తనాన్ని ఎంచుకోవాలి. మామూలు వరి పూర్తిగా మునిగితే వారం దాటాక చనిపోవడం మొదలవుతుంది. ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్.13ఎ అనే పాత రకం వరిలో మునకను తట్టుకునే జన్యువును శాస్త్రవేత్తలు గుర్తించి, దాన్ని స్వర్ణ రకంలోకి తెచ్చి, స్వర్ణ-సబ్1 పేరుతో 2009లో విడుదల చేశారు. ఎదిగే దశలో రెండు వారాల దాకా మునిగినా ఆ పైరు మళ్లీ చిగురిస్తుంది. నీళ్లు రాని ఏడాది దిగుబడి ఏమీ తగ్గదు. ఒడిశాలో జరిగిన క్షేత్ర ప్రయోగంలో, పది రోజుల మునకలో అది స్వర్ణ కంటే దాదాపు 45 శాతం ఎక్కువ పండింది. నాకు మరీ ముఖ్యంగా తోచిన విషయం ఏమిటంటే, ఆ విత్తనం చేతిలో ఉన్న రైతులు మునక భయం తగ్గి ఎరువు మీద, నాట్ల మీద ఇంతకుముందు కంటే ధైర్యంగా ఖర్చుపెట్టారు. పొట్టదశలో, పూతలో వచ్చే మునకను ఆ రకం కూడా అంతగా తట్టుకోలేదు కనుక, వరద వచ్చే రోజులకు పైరు ఆ దశలో లేకుండా నాటే తేదీని కూడా మార్చగలరేమో చూడండి.

ఇప్పుడు మీ అమ్మగారి గురించి. మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన సంగతే నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది. గేదెలను కాపాడుకోండని ఇంతసేపు చెప్పాను గనుక, దానికున్న ప్రమాదాన్ని కూడా చెప్పాలి. 1980ల తొలి ఏళ్లలో బుర్కినా ఫాసోలో కరవు వచ్చినప్పుడు, రైతులు పశువులను అమ్మి తిండి కొనుక్కుంటారని పరిశోధకులు ఊహించారు. లెక్క తీస్తే, పోయిన ఆదాయంలో పశువుల అమ్మకంతో పూడింది మహా అయితే 30 శాతం, బహుశా 15 శాతానికే దగ్గర. పశువును కాపాడుకోవడానికి కడుపు మాడ్చుకునే కుటుంబాలు అన్ని దేశాల్లోనూ ఉంటాయి, ఆ మాడే కడుపు ముందుగా ఇంటి ఆడవాళ్లది అవుతుంది. అది ఏ పద్దులోనూ కనిపించదు. అమ్మగారు తిండి తగ్గించుకుని ఆ గేదె నిలవాల్సి వస్తే, గేదెను అమ్మేయండి. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. ఆమెను అడిగితే తింటున్నాననే చెబుతారు. అందువల్ల అడగకండి, ఇంట్లో వండినది అందరూ ఒకేసారి కూర్చుని తినే ఏర్పాటు చేయించండి. గేదె పాలన్నీ అమ్మకానికి పోకుండా కొంత ఇంట్లో ఉంచాలని నాన్నగారికి చెప్పండి.

మీరు పంపే డబ్బు ఈ కొద్ది నెలల్లో మీరు ఊహించేదానికంటే పెద్ద పని చేస్తుంది. ఊరంతా మునిగినప్పుడు ఊళ్లో ఒకరికొకరు ఇచ్చుకునే సాయం ఎండిపోతుంది, ఎందుకంటే ఇవ్వాల్సినవాళ్ల ఇల్లూ మునిగింది. వరద తాకని చోట నుంచి వచ్చే డబ్బుకు అందుకే అంత విలువ. ఫిలిప్పీన్స్‌లో వానల తేడా వల్ల తగ్గిన ఆదాయంలో దాదాపు 60 శాతాన్ని విదేశాల్లో ఉన్న కుటుంబ సభ్యులు పంపిన సొమ్ము పూడ్చిందని ఒక అధ్యయనం తేల్చింది. త్వరగా అందే డబ్బుకు ఇంకా ఎక్కువ బలం. 2020లో బంగ్లాదేశ్‌లో జమునా నది (అక్కడ బ్రహ్మపుత్రకు ఉన్న పేరు) తీరాన వరద ఉధృతికి ముందే 23 వేలకు పైగా కుటుంబాలకు కొద్ది మొత్తం నగదు అందించారు. అది అందిన ఇళ్లలో వరద రోజుల్లో ఒక రోజంతా తినకుండా ఉండే పరిస్థితి 36 శాతం తగ్గింది; మూడు నెలల తర్వాత చూస్తే ఆస్తులు పోగొట్టుకోవడం, భారీ వడ్డీకి అప్పు చేయడం కూడా వాళ్లలో తక్కువే. కాబట్టి మీరు కూడబెట్టి ఒకేసారి పెద్ద మొత్తం పంపి అప్పులో వేయాలని చూడకండి. ప్రతినెలా ఒకే తేదీకి, తిండికీ మేతకూ అని స్పష్టంగా చెప్పి పంపండి. ఈ నెల కొంచెం ఎక్కువ పంపగలిగితే పంపి, తర్వాత తగ్గించుకోండి. మీ ఉద్యోగం వదిలి ఇంటికి రావాలన్న ఆలోచన ఏదైనా ఉంటే మానుకోండి. మీ ఇంట్లో నీళ్లు తాకని ఆదాయం అదొక్కటే.

తమ్ముడి విషయంలో నేను సర్దుకోలేను. పంట పోయిన ఏడాది పిల్లలు ఒక్క ఏడాదికే అని బడి మానడం, ఆ ఒక్క ఏడాది ముగియకపోవడం ఎన్నో కుటుంబాల్లో జరిగింది. గేదెను మళ్లీ కొనుక్కోవచ్చు, పదిహేడో ఏడు మళ్లీ రాదు. ఆ అబ్బాయి బాధ్యతతో అన్న మాటను మాత్రం కొట్టిపారేయకండి. సెలవుల్లో, పొలం పని ఎక్కువగా ఉన్న వారాల్లో, మేత కోతలో అతని సాయం నిజంగా అవసరం. అతన్ని కూర్చోబెట్టి ఆ పనులు అప్పజెప్పండి. కొన్నాళ్లు బయటికి వెళ్లి సంపాదించక తప్పని పరిస్థితి వస్తే, వెళ్లాల్సింది పెద్దవాళ్లలో ఒకరు, అదీ నాట్లకు ముందున్న ఖాళీ వారాల్లో. వరద తగ్గిన తొలి వారాల్లో ఊళ్లో కూలి పని దొరకదు. కట్టలు, రోడ్లు, ఇళ్లు బాగుచేసే పనులు తర్వాత మొదలవుతాయి. వాటి కోసం పేరు ఇప్పుడే రాయించుకోవాలి. బురదలో, నిలువ నీటిలో పని చేసేటప్పుడు కాళ్లకు బూట్లు ఉండాలి, గాయాలకు కట్టు ఉండాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ జ్వరం వరద తర్వాత ఎక్కువగా కనిపిస్తుంది. జ్వరం, ఒళ్లునొప్పులు రాగానే బురదలో పని చేశామని డాక్టరుకు చెప్పాలి.

నాన్నగారి గురించి ఒక మాట నేరుగా చెప్పాలి. అన్నీ అమ్మేసి లెక్క తేల్చేద్దామనడం కొన్నిసార్లు లెక్కకు సంబంధించిన మాట కాదు, అలసిపోయిన మనసు మాట. ఆయన నిద్రపోవడం లేదా, ఎవరితోనూ కలవడం లేదా, తాను లేకపోతే మీరు సుఖపడతారన్నట్టు మాట్లాడుతున్నారా అని గమనించండి. అలాంటి మాట వినబడితే, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి భయపడకండి; అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, లోపల ఉన్నది బయటికి వస్తుంది. ఆయనను ఒంటరిగా వదలకుండా, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఏ అనుమానమూ లేకపోయినా పురుగుమందులను ఇంట్లో ఉంచకుండా, తాళం ఉన్న చోటికో పొరుగువారి దగ్గరికో ఈ రోజే చేర్చండి. వరద తన తప్పు కాదని ఆయనకు తెలుసు, అయినా ఎవరో ఒకరు ఆ మాట పైకి చెప్పాలి. మీరు చెప్పండి.

వచ్చేసారి ఇంటికి వెళ్లినప్పుడు అందరూ కూర్చుని మాట్లాడుకోండి, అమ్మగారు వంటింట్లో ఉండగా కాదు, ఆమె కూడా కూర్చున్నాక. అప్పు లెక్కతో మొదలుపెడితే నాన్నగారు మళ్లీ అమ్మకం మాట దగ్గరికే వస్తారు. గేదెలకు రెండు నెలల మేత ఎక్కడి నుంచి వస్తుంది అన్న దానితో మొదలుపెట్టండి. ఆ తర్వాత ఏ చెక్కలో ఏ విత్తనం, ఎప్పుడు అన్నది ఒక కాగితం మీద రాయండి. మొత్తం ఎంత మేర వేయగలరో తేలాక, ఆ పంట వచ్చే నెల ఎదురుగా అప్పు మొత్తం రాసి, అప్పిచ్చినవారి దగ్గర అడగాల్సిన గడువు ఎంతో చూసుకోండి. ఆ కాగితం తీసుకుని నాన్నగారితో పాటు మీరూ వెళ్లండి.